చెడగొట్టే వంతు

అయ్యా,

విషయం: కింది అంతస్తులోని పాత టైపు గదికి వేసిన సీలు తీయించుట గురించి, మూడో అంతస్తులోని ప్రయోగశాలను ప్రయోగాలు చేయవలసిన వాళ్ళకు తెరిపించుట గురించి, నేను చేయని తప్పును నేను ఒప్పుకోకపోవుట గురించి.

సూచిక: మొన్న తమరు నాకు పంపిన సంజాయిషీ మెమో.

పై విషయమై శిక్షణ విభాగం ముఖ్య అధికారులైన తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఈ భవనంలో పదకొండేళ్ళుగా కేబుళ్ళు లాగుతున్న కాంట్రాక్టు మనిషిని. హాజరుపట్టీలో నాకొక నంబరు ఉంది గానీ, భుజాన నిచ్చెన లేకుండా నన్ను ఎవరూ చూడలేదు కనుక అందరూ నిచ్చెనక్క అంటారు. తమ బల్ల వెనక గోడలోకి పోయే తీగ కూడా నేను లాగిందే. మెమోకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు, ఇది రెండో రోజు. సంజాయిషీ వేరు, అర్జీ వేరు, రెండు కాగితాల మీద రాయాలని ఆఫీసులో చెప్పారు. గొడవ ఒకటే అయినప్పుడు కాగితాలు రెండెందుకని అన్నీ ఇందులోనే రాస్తున్నాను.

1. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి నెట్‌వర్క్ పని ముట్టుకునే ప్రతి కాంట్రాక్టు మనిషి దగ్గరా నెట్‌వర్కింగ్ పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలని, లేనివాళ్ళ కాంట్రాక్టు పొడిగించబడదని తమ సంతకంతోనే ఉత్తర్వు వచ్చింది. పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజుల్లో ఉంది. ఈసారి పోతే నా పని పోతుంది. ఇంతకంటే వివరంగా ఈ అంశంలో రాయడానికి ఏమీ లేదు.

2. సదరు పరీక్షలో రెండు భాగాలు గలవు. ఒకటి రాత, రెండోది చేత. పోయిన విడత రాతలో నాకు నూటికి తొంభై ఒకటి వచ్చాయి. చేతలో సున్నా వచ్చింది. సున్నా అంటే తక్కువ మార్కులని కాదు, గుండ్రంగా సున్నాయే. ఎలా వచ్చిందో కూడా మనవి చేసుకుంటాను. పరీక్ష పెట్టే ఆయన ఒక స్విచ్, అంటే నెట్‌వర్క్ తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, నా ముందు పెట్టి ఒక నీలం రంగు బల్లపరుపు తీగ చేతికిచ్చారు. పెట్టెకూ కంప్యూటరుకూ ఆ తీగ తగిలించి మాట కలిపితేనే అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ తీగకు వేరే రంధ్రం ఉంటుంది. కాని చూడ్డానికి అది మిగతా ఇరవై నాలుగు రంధ్రాల లాగానే ఉంటుంది. నేను ఇరవై నాలుగింటిలో ఒకదాంట్లో పెట్టాను. గంటసేపు తెర నల్లగా ఉంది, గంటసేపు నేను చెమటలు కక్కాను. చివర ఆయన నెమ్మదిగా, "అమ్మా, ఇంతకుముందు దీన్ని ఎప్పుడైనా ముట్టుకున్నారా?" అని అడిగారు.

"దీని దాకా తీగలు లాగాను సార్. దీన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

3. మూడో అంతస్తులో తమ విభాగానికి ఒక ప్రయోగశాల కలదు. అందులో ఆరు స్విచ్‌లు, నాలుగు రౌటర్లు, వాటికి సరిపడా నీలం తీగలు కలవు. వీటి మీద ప్లాస్టిక్ కాగితం రిబ్బను కత్తిరించిన రోజు ఎలా ఉందో నేటికీ అలాగే ఉంది. తలుపు మీద నోటీసు ఉంది: "పరికరాలు పాడవకుండా ఉండుటకై, సర్టిఫికెట్ కలిగినవారికి మాత్రమే ప్రవేశం." అయ్యా, పరికరం ముట్టుకుంటే గాని సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ ఉంటే గాని పరికరం ముట్టుకోనివ్వరు. ఈ నోటీసు రాసినవారు తమ పిల్లలకు ఈత కూడా గట్టు మీదే నేర్పి ఉంటారని మా అత్తగారు అన్నారు. ఆవిడకు నెట్‌వర్కింగ్ రాదు. అయినా విషయం అర్థమైంది.

4. బయట గంటకింతని అద్దెకిచ్చే ల్యాబులు ఉన్నాయి కదా అని తమరు సెలవిచ్చారు. ఉన్నాయి. అక్కడి ఒక గంట ఇక్కడి నా రెండు రోజుల కూలి. కంప్యూటరులో బొమ్మ స్విచ్‌లతో ఉచితంగా నేర్చుకోవచ్చు కదా అని కూడా సెలవిచ్చారు. నేర్చుకున్నాను. ఆ తొంభై ఒక్క మార్కులు ఆ బొమ్మలు పెట్టిన భిక్షే. కాని బొమ్మలో పిన్ను వంగదు, తీగ వదులు కాదు, రంధ్రం తప్పు చూపిస్తే అదే ఎర్రగా వెలిగి చెబుతుంది. పరీక్షలో ఎర్రగా అయ్యింది నా ముఖం ఒక్కటే.

5. కనుక గత్యంతరం లేక నేను చేసిన పని ఏమనగా: భవనానికి కొత్త స్విచ్‌లు వచ్చినప్పుడు పాతవి మెట్ల కింద పడేశారు. తూకానికి అమ్మేవరకు అవి అక్కడే ఉంటాయి. స్టోరు కీపరు గారిని అడిగి, "పాత ఇనుము, అయిదు ముక్కలు, చూచుట నిమిత్తం" అని చీటీ రాసిచ్చి తీసుకున్నాను. ఆ అయిదింటిలో మూడు బతికాయి. వాటిని టైపు మిషన్లు పోయాక ఖాళీగా ఉన్న గదిలో పెట్టుకున్నాం. "చూచుట నిమిత్తం" అని రాసి వాటితో పనిచేశాను కనుక ఆ ఒక్క తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

మేం తొమ్మిది మందిమి. అందరమూ ఆ పరీక్షకే కట్టినవాళ్ళం. జిరాక్సు షాపు ఆవిడ, లిఫ్టు మెకానిక్కు, టీవీలు బాగుచేసే ఆయన, ఇంకా ఇలాంటివాళ్ళమే. మధ్యాహ్నం భోజనం వేళలోనూ, సెలవు రోజుల్లోనూ మనిషికి ఇరవై నిమిషాల వంతు పెట్టుకున్నాం. మొదటి రోజు నీలం తీగ సరైన రంధ్రంలో పెట్టి, తెర మీద పెట్టె నాతో మొదటి మాట పలికినప్పుడు నాకు ఏడుపొచ్చింది. జిరాక్సు ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. ఈ వాక్యం అర్జీలో ఉండకూడదని నాకు తెలుసు.

6. ఇప్పుడు మెమోలో తమరు "నేరాంగీకార పత్రం"గా పేర్కొన్న ఎర్ర అట్ట నోటుపుస్తకం గురించి. దాని పేరు చెడగొట్టిన పుస్తకం. పేరు మేమే పెట్టాం, అట్ట మీద మేమే రాశాం, దాచలేదు. పరీక్షలో సగం మార్కులు చెడిపోయిన నెట్‌వర్కును బాగుచేసినందుకు ఇస్తారు. బాగుచేయడం నేర్చుకోవాలంటే ముందు ఎవరో ఒకరు చెడగొట్టాలి కదా. అందుకని మా గదిలో రోజుకొకరికి చెడగొట్టే వంతు ఉంటుంది. ఆ రోజు వంతు గలవారు మిగతావాళ్ళను బయటికి పంపి, పెట్టెల్లో ఒక్క తప్పు చేసి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. లోపలికి వచ్చినవాళ్ళు అదేమిటో పట్టుకోవాలి. మూడుసార్లు తప్పు చెబితే గాని సాయం చేయకూడదు. జిరాక్సు ఆవిడ చెడగొడితే చాలా సుకుమారంగా ఉంటుంది. పెట్టెకిచ్చిన అంకెల చిరునామాలో ఒక్క అంకె మారుస్తుంది, అది పట్టుకునేసరికి మాకు ఆకలి దంచేస్తుంది. లిఫ్టు మెకానిక్కుది మొరటు చెయ్యి. చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు. మా గదిలో చెరిపినవాడు కూడా బాగుపడ్డాడు.

ఎవరు ఏం చెడగొట్టారో, ఎవరు ఎంతసేపట్లో పట్టుకున్నారో పుస్తకంలో రాస్తాం. తమరు మెమోలో ఎత్తి రాసిన పేజీ ఇది: "శనివారం. చెడగొట్టింది: లిఫ్టు మెకానిక్కు. ఏం చేశాడు: తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెట్టాడు. ఫలితం: అంతా ఆగిపోయింది. పట్టుకుంది: నిచ్చెనక్క, ఇరవై రెండు నిమిషాలు." దీని కింద తమరు, "భవనంలోని నెట్‌వర్కును స్తంభింపజేసినట్లు స్వహస్తాలతో అంగీకరించినందున" అని రాశారు.

అయ్యా, ఆగిపోయింది మా బల్ల మీది మూడు పాత పెట్టెలు. భవనం ఆగింది మంగళవారం. శనివారం పెట్టిన తీగకు మంగళవారం భవనం ఆగాలంటే మధ్యలో అది రెండు రోజులు సెలవు పెట్టి ఉండాలి. పైగా టైపు గది గోడలో కరెంటు ప్లగ్గు తప్ప నెట్‌వర్క్ రంధ్రమే లేదు. ఆ గదికి తీగ లాగమని పదకొండేళ్ళలో ఎవరూ చెప్పలేదు, నేను లాగలేదు. భవనం నక్షా తమ దగ్గరే ఉంది, చూడవచ్చు.

7. మంగళవారం నాడు జరిగినది. ఉదయం పదకొండుంబావుకు నాలుగు అంతస్తుల్లోనూ నెట్టు పోయింది. కౌంటర్ల ముందు జనం మెట్ల దాకా నిలబడ్డారు. కొత్త స్విచ్‌లు పెట్టిన కంపెనీవాళ్ళు ఫోనులో రేపు వస్తామన్నారు. అప్పుడు నన్ను పిలిచారు. సర్టిఫికెట్ అడగలేదు. రెండో అంతస్తు వైరింగు అలమార తాళం స్టోరు కీపరు గారే తీశారు. తలుపు తెరవగానే చూస్తే పెట్టెలోని దీపాలన్నీ ఒక్కసారే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. నాకు లిఫ్టు మెకానిక్కు ముఖం గుర్తొచ్చింది. అదే జబ్బు. తీగ రెండు కొసలూ ఒకే చోటికి చేరితే, వచ్చిన మాట బయటికి పోయే దారి లేక తనలో తానే తిరుగుతుంది, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఇంక వేరే మాటకు చోటుండదు. ఒక్కొక్క తీగే పీకుతూ దీపాలు చూశాను. పద్నాలుగో నంబరు పీకగానే అన్నీ నెమ్మదించాయి. ఆ తీగ మీద నా చేతిరాతతోనే చీటీ ఉంది: "పెద్దసారు గది."

తమ గదికి వచ్చాను. తమరు కుర్చీలో లేరు. బల్ల కింద మూరెడు పొడుగు తీగ ఒకటి, ఒక కొస గోడలో పద్నాలుగో రంధ్రంలోనూ, రెండో కొస పక్కనే ఉన్న పదిహేనులోనూ చక్కగా అమర్చి ఉంది. ఒక కొస లాగేశాను. పిలిచిన దగ్గర్నుంచి ఆరు నిమిషాలు. శనివారం ఇరవై రెండు, మంగళవారం ఆరు. ఆ తేడా ఏ పాఠంలోనూ నేర్చుకున్నది కాదు, ఇప్పుడు తమరు సీలు వేసిన గదిలో నేర్చుకున్నది.

రెండో కొస ఎవరు పెట్టారో నేను చూడలేదు. చూడనిది చెప్పను. తమరు తిరిగొచ్చి ఏమైందని అడిగితే, "ఒక తీగ వదులైంది సార్, సర్దాను" అన్నాను. తమ గదిలో దొరికిందని పదిమందిలో అనడం ఎందుకని మర్యాదకు పోయాను. ఆ మర్యాదకు ఫలం మధ్యాహ్నం మూడింటికి దక్కింది. పుస్తకం పట్టుకుపోయారు, గదికి సీలు వేశారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడిందంటే ఏమిటో నాకు ఇన్నాళ్ళకు తెలిసింది.

ఇంకొక ముక్క. ఇలాంటి చుట్టు పడితే తనంతట తానే ఆ రంధ్రాన్ని మూసేసుకునే కాపలా కొత్త స్విచ్‌లలో ఉంటుంది. దాన్ని ఎవరూ పని చేయించలేదు. చేయించాల్సిన పోస్టు ఏడాదిగా ఖాళీ. దానికి పాసైనవాళ్ళు దొరకడం లేదట.

8. సీలు పడ్డ నాటి నుంచి మేం మెట్ల మీద కూర్చుని అభ్యాసం చేస్తున్నాం. జిరాక్సు ఆవిడ స్విచ్ ముఖాన్ని ఎప్పుడో అసలు సైజులో జిరాక్సు తీసి ఉంచింది. ఆ కాగితం మీద వేళ్ళు పెట్టి, ఇది నీలం తీగ రంధ్రం, ఇది ఒకటి, ఇది రెండు అని వల్లె వేస్తున్నాం. వచ్చేపోయేవాళ్ళు మేమేదో ఆట ఆడుకుంటున్నామనుకుని గెలుపెవరిదని అడుగుతున్నారు. ప్రయోగశాల ఇవ్వరు, పాత ఇనుమూ ముట్టుకోనివ్వరు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు. ఈ సామెతను అర్జీలో రాయవద్దని టీవీల ఆయన బతిమాలాడు. ఇంతకంటే సరిపడేది దొరకలేదు.

9. నిన్న సాయంత్రం తమరు స్టోరు కీపరు గారి ద్వారా ఒక కాగితం, ఒక తాళంచెవి పంపించారు. కాగితం తయారుగా టైపు చేసి ఉంది: "మా అనధికార అభ్యాసం వల్లనే భవనంలో అంతరాయం కలిగినది. అందులకు విచారిస్తున్నాను." దాని కింద నేను సంతకం పెడితే ప్రయోగశాల తాళంచెవి నా ఒక్కదానికి ఇస్తారని, పద్దెనిమిది రోజులూ నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చని, మిగతావాళ్ళ సంగతి ఎత్తకూడదని ఆయన నేల చూస్తూ చెప్పారు. ఒక రోజు గడువు అడిగాను. తాళంచెవి ఆయన దగ్గరే ఉంచమని, కాగితం ఇంటికి తీసుకెళ్ళాను.

అబద్ధమాడను, పెట్టాలనిపించింది. ఆరు స్విచ్‌లు, నాలుగు రౌటర్లు, నేనొక్కదాన్నే. పాసవడం ఖాయం. పదకొండేళ్ళ పని నిలుస్తుంది. మా అత్తగారికి చెబితే ఆవిడా మొదట పెట్టెయ్యమనే అంది, ఉద్యోగం ముఖ్యమంది. తర్వాత కళ్ళజోడు తెచ్చుకుని కాగితం తీసుకుని వేలు పెట్టి చదివింది.

"ఇందులో చెడగొట్టింది నువ్వని ఉంది. నువ్వేనా?"

"కాదత్తయ్యా."

"మరి సంతకం నీదెందుకు?"

కాగితం నా ఒళ్ళో పడేసి ఆవిడ వెళ్ళి పడుకుంది. నేను దాన్ని దీపం కింద మళ్ళీ చదివాను. సంతకం పెడితే లిఫ్టు మెకానిక్కు దోషి అవుతాడు, అతను ఆ శనివారం నాకు నేర్పిన పాఠమే నేరమవుతుంది. రేపు నేను పాసై ఆ ఖాళీ పోస్టులో కూర్చున్నా, ఈ భవనంలో ఏ తీగ ఆగినా ముందు నా వైపే చూస్తారు. రాసిచ్చినదాన్ని కదా. పైగా తక్కిన ఎనిమిది మంది మెట్ల మీద కాగితపు స్విచ్ నొక్కుకుంటూ ఉంటే నేను వాళ్ళ పక్కనుంచే పైకెక్కి వెళ్ళాలి. ఆ మెట్లు నేను ఎక్కలేను.

తమ కాగితం సంతకం లేకుండా దీనికి జతపరచడమైనది. తమరు నా నుంచి ఏదో ఒకటి రాతపూర్వకంగా కావాలన్నారు కదా, ఇదిగో.

10. కావున తమరు చేయవలసినవి: టైపు గది సీలు తీయించాలి. ఎర్ర అట్ట పుస్తకం తిరిగి ఇప్పించాలి, అందులో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి, పరీక్షలోపు నింపాలి. ప్రయోగశాల తలుపు మీది నోటీసు తీసేసి, పరీక్షకు కట్టిన ప్రతి మనిషికీ వంతుల ప్రకారం పరికరాలు ముట్టుకోనివ్వాలి. ఏదైనా పాడైతే మేమే బాగుచేస్తాం. మేం నేర్చుకుంటున్నది అదే పని.

దయతో, కరుణతో అన్న మాటలు ఈ అర్జీలో ఎక్కడా వాడలేదు. మరిచిపోయి కాదు. చదువుతుండగా కోపం వచ్చిన చోట కాసేపు ఆగి, చల్లబడ్డాక మిగతాది కూడా పూర్తిగా చిత్తగించవలెను.

ఇట్లు,
పని వరకు మాత్రమే తమ విధేయురాలైన
నిచ్చెనక్క

(వెనక జిరాక్సు షాపు ఆవిడ, లిఫ్టు మెకానిక్కు, టీవీల ఆయన, తక్కిన అయిదుగురి సంతకాలు కలవు. ఎవరూ బలవంతం చేయలేదు. లిఫ్టు మెకానిక్కు రెండుసార్లు పెట్టాడు, ఒకటి కొట్టేయమన్నా వినలేదు.)

తా.క. (ఇది స్టోరు కీపరు వ్రాయునది.)

అయ్యా,

సంతకమైన కాగితమును తెమ్మని తమరు పంపగా నేటి సాయంత్రము నాలుగు గంటలకు ఈమె వద్దకు వచ్చితిని. ఈ అర్జీ ఇచ్చినది. ఇన్‌వార్డులో నమోదు చేయవలసినవాడను గనుక నిలబడియే ఆసాంతము చదివితిని. ఏడవ అంశములో ఒక లోపము కలదు. రెండవ కొస ఎవరు పెట్టిరో చూడలేదని ఈమె వ్రాసినది. నేను చూచితిని.

ఆ మంగళవారము పదకొండు గంటలు దాటిన పిమ్మట టోనరు రశీదుపై సంతకము కొరకు తమ గదిలో నిలబడియుంటిని. నేలపై పడియున్న తీగ కొసను తమరు స్వయముగా వంగి తీసి, ఈ ఆఫీసులో ఒక్కటీ సరిగ్గా ఉండదని విసుగుకొనుచు, ఖాళీగా ఉన్న రంధ్రమున పెట్టితిరి. పిదప రశీదుపై సంతకము చేసి వెలుపలికి వెళ్ళితిరి. అది తప్పని తమకు తెలియదు, నాకును తెలియదు. తెలియకపోవుట నేరము కాదు. ఈమె వచ్చి ఆ తీగ లాగినప్పుడు నాకు తెలిసినది. తెలిసియు, పదవీ విరమణకు పదునాలుగు నెలలే ఉన్నవని నోరు మూసుకొని, సీలుకు లక్క కూడ నేనే కరిగించితిని. అందులకు నన్ను ఎవరును సంజాయిషీ అడుగలేదు గనుక నేనే ఇచ్చుచున్నాను.

ప్రయోగశాల తాళపుచెవి నా వద్దనే కలదు. షరతును ఈమె అంగీకరింపలేదు గనుక దానిని తమకు తిరిగి అప్పగించవలసియున్నది. అప్పగించుట లేదు. రేపు ఉదయము పది గంటలకు తలుపు తెరచెదను. తొమ్మండుగురును రావచ్చునని చెప్పితిని. వలదని తమ అభిప్రాయమైనచో, ఎందుకు వలదో కారణము వ్రాసి, క్రింద సంతకము చేసి పంపవలెను. నమోదు చేసి నోటీసు బోర్డున పెట్టుటకు సిద్ధముగా ఉన్నాను.